మొదటి గంట 98 శాతం, నాలుగో గంటకి 60: నా మెంబ్రేన్‌లో తప్పెక్కడుంది?

#1 నానో_నాని
పీహెచ్‌డీ మూడో ఏడు. పీఈఎస్ అనే ప్లాస్టిక్ సపోర్ట్ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ (జీవో, పలచని కార్బన్ రేకులు) పొర వేసి, ఆ మెంబ్రేన్‌తో డై (రంగు) కలిసిన నీళ్లు వడకట్టడం నా పని. వాక్యూమ్ పెట్టి 5 మిల్లీగ్రాముల జీవో దింపుతాను. స్టర్డ్ సెల్ (లోపల కలుపుతూ వడకట్టే పాత్ర), పైన నైట్రోజన్ 2 బార్, మెంబ్రేన్ వైశాల్యం 14 చదరపు సెంటీమీటర్లు. ఫీడ్ (పైన పోసే నీళ్లు) 10 పీపీఎం (లీటరుకి 10 మిల్లీగ్రాములు) మిథిలీన్ బ్లూ అనే నీలం డై, 200 ఎంఎల్. గంటకి దాదాపు 100 ఎంఎల్ దిగుతుంది. గంటకోసారి సెల్ విప్పి, దిగినంత ఫీడ్ మళ్లీ పోస్తాను.

మొదటి గంట పర్మియేట్ (కిందకి దిగిన నీళ్లు) అచ్చం తాగే నీళ్లలా ఉంటుంది. 98 శాతం రిజెక్షన్, అంటే డైలో అంత ఆగినట్టు. రెండో గంట 91. మూడో గంట 77. నాలుగో గంటకి 60. బీకర్లోకి లేత నీలం దిగుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేం లేదు. ఆరు మెంబ్రేన్లు చేశాను, ఆరూ ఇంతే. మా గైడ్ "పొర సరిగ్గా పడట్లేదు, మళ్లీ చెయ్యి" అంటారు. మా సీనియర్ "మొదటి గంట డేటా పెట్టి పేపర్ రాసెయ్, అందరూ చేసేదదే" అంటాడు. వచ్చే నెల ప్రోగ్రెస్ రివ్యూ. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

#2 గోదారిగట్టు
ఓ-రింగ్. కళ్లు మూసుకుని చెప్తున్నా, సెల్ అంచున కారకుండా బిగించే ఆ రబ్బరు ఓ-రింగ్.

#3 లూజ్_కనెక్షన్
#2 అన్నా, ఓ-రింగ్ కారితే మొదటి నిమిషం నుంచే కారుతుంది కదా. మూడో గంట దాకా ముహూర్తం చూసుకుని కారదు.

#4 గోదారిగట్టు
మా ల్యాబ్‌లో కారింది. రబ్బరు వేడికి సాగి. సరే, అది కాకపోతే మెంబ్రేన్ తిరగేసి పెట్టాడేమో.

#5 నానో_నాని
తిరగేయలేదు అన్నా, నల్లటి వైపు పైకి. అంత గుడ్డివాణ్ని కాదు.

#6 పాతకాపు
తిరగేయడం అంటే నవ్వకండి. అసలు ఈ రంగం మొదలైందే అక్కడ. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లోబ్, శౌరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్ పొరలతో కుస్తీ పడుతున్నప్పుడు ఒకే పొర ఒక వైపు పెడితే ఉప్పు ఆపేది, తిప్పి పెడితే ఆపేది కాదు. ఒక ముఖాన పలచని గట్టి చర్మం, దాని కింద స్పాంజి లాంటి ఒళ్లు. పని చేసేదంతా ఆ చర్మమే. ఇవాళ్టి ఆర్వో పొరలన్నీ ఆ ఆలోచన మనవలు, మునిమనవలే. 1965లో కాలిఫోర్నియాలో కోలింగా అనే చిన్న ఊరికి వాళ్ల పద్ధతిలో మంచినీళ్లు కూడా ఇచ్చారు. శౌరిరాజన్ మన దేశం నుంచి వెళ్లినాయనే.

ఇక నాని సంగతి. నా అనుమానం పొర ఉబ్బడం మీద. జీవో పొర అంటే పూతరేకుల చుట్ట అనుకోండి. రేకు మీద రేకు, రేకుల మధ్య సందు. నీళ్లు వెళ్లేది ఆ సందుల్లోంచే. 2012లో మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఆరిన జీవో పొర హీలియంని కూడా ఆపుతుందనీ, నీటి ఆవిరి మాత్రం అడ్డేమీ లేనట్టు దాటిపోతుందనీ చూపించారు. కానీ నీళ్లలో నానితే సందు తెరుచుకుని, రేకుకీ రేకుకీ దూరం 1.3 నానోమీటర్ల దాకా పెరుగుతుంది. నీళ్లు చుట్టుకున్న సోడియం అయాన్ అడ్డంగా 0.7 చిల్లర ఉంటుంది, హాయిగా దూరిపోతుంది. అందుకే 2017లో అదే ఊరివాళ్లు పొరని ఎపాక్సీలో బిగించి, ఉబ్బకుండా కట్టేసి, సందు తగ్గించుకున్నారు. నీ పొర నానుతున్నకొద్దీ వదులవుతోందేమో చూడు.

#7 నానో_నాని
పాతకాపు గారూ, నేను మెంబ్రేన్‌ని ముందు రోజు రాత్రంతా డీఐ (అయాన్లు తీసేసిన) నీళ్లలో నానబెట్టే పెడతాను. పైగా మామూలు నీళ్ల ఫ్లక్స్ (దిగే వేగం) మొదటి గంటకీ నాలుగో గంటకీ పెద్దగా మారలేదు.

#8 పాతకాపు
అయితే ఉబ్బేదంతా రాత్రే ఉబ్బేసి ఉంటుంది. ఫ్లక్స్ కూడా పెరగలేదంటే నా మాట వీగిపోయినట్టే. పూతరేకులు గుర్తొచ్చినందుకు మాత్రం విచారించట్లేదు.

#9 లూజ్_కనెక్షన్
ఆత్రేయపురం నుంచి పార్సిల్ పంపితే ఎక్స్‌ఆర్‌డీ (రేకుల మధ్య దూరం కొలిచే ఎక్స్‌రే పరీక్ష) మేం తీసిపెడతాం.

#10 సబ్‌స్ట్రేట్_సుబ్బు
ఒక్క ప్రశ్న. సపోర్ట్‌ని మధ్యలో ఎప్పుడైనా ఆరబెడుతున్నావా? నాకు ఏడాది పోయింది దీని వల్లే, అందుకే అడుగుతున్నా. సొంతంగా పాలీసల్ఫోన్ పొరలు పోసుకునేవాణ్ని. తడి మీద టెస్టు చేస్తే ఫ్లక్స్ బ్రహ్మాండం. సెమ్‌కి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పంపడానికని ఒక ముక్క ఓవెన్‌లో పెట్టా, మిగతాది కూడా అలవాటుగా పెట్టేశా. మర్నాడు 4 బార్ ఇచ్చినా చుక్క దిగలేదు.

ఎందుకో లెక్క వేస్తే భయం వేసింది. రంధ్రంలో నీళ్లు ఆరిపోయేటప్పుడు తలతన్యత గోడల్ని లోపలికి గుంజుతుంది. 20 నానోమీటర్ల రంధ్రానికి ఆ గుంజుడు దాదాపు 144 బార్. ప్లాస్టిక్ గోడలు ఆగుతాయా, కుప్పకూలుతాయి. ఆరబెట్టక తప్పకపోతే నీళ్ల నుంచి ఐసోప్రొపనాల్‌కి, దాన్నుంచి హెక్సేన్‌కి మార్చి అప్పుడు గాలికి పెట్టాలి. వాటి తలతన్యత నీళ్లదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. లేదా గ్లిసరిన్‌లో ముంచి ఉంచాలి. బజార్లో కొన్న మెంబ్రేన్ జిడ్డుగా తగిలేది చాలాసార్లు అందుకే.

#11 నానో_నాని
ఆరబెట్టను సుబ్బు అన్నా. కొన్న సపోర్టే, తడిగానే వాడతాను. కానీ ఈ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నా.

#12 వైజాగ్_వాన
మనలో మన మాట, పొరలు పోసేవాళ్లకి కాలాలు రెండే, వానాకాలం, మిగతా కాలం. ఎన్ఎంపీ (పొర పోయడానికి ప్లాస్టిక్‌ని కరిగించే ద్రావణి) గాల్లో తేమని పీల్చేసుకుంటుంది. జనవరిలో అద్దంలా వచ్చిన ఫిల్మ్ జులైలో గాజు పలక మీదే, నీళ్లలో ముంచకముందే, పెరుగులా తెల్లబడిపోయేది. అదే రెసిపీ, అదే బ్లేడు, అదే నేను. చివరికి గోడకి తేమ మీటర్ తగిలించి, 60 దాటితే ఆ రోజు పేపర్లు చదువుకోవడం అని రూల్ పెట్టుకున్నాం. ఆ ఏడాది పేపర్లు బాగా చదివాను.

#13 గోదారిగట్టు
#12 మా గైడ్‌కి ఈ రూల్ చెప్తే ఏసీ కొనరు, నన్నే మార్చేస్తారు.

#14 ఆర్వో_అన్న
నేను చదువుకున్నది ఐటీఐ. దేవరకొండ దగ్గర వాటర్ ప్లాంట్ నడుపుతా, మెంబ్రేన్ అని కనబడితే చదువుతుంటా. తప్పైతే ఏమనుకోవద్దు.

మా ప్లాంట్‌ల ఆర్వోకి ముందు కార్బన్ వెసెల్ ఉంటది. కొత్త కార్బన్ పోసిన నెలల్లో నీళ్లకి ఏ వాసనా ఉండదు. కొన్ని నెలలైతే మెల్లగా వాసన మొదలైతది. మొదలు కొంచెం, వారం తర్వాత ఇంకొంచెం. వెసెల్ పగలలే, ఎక్కడా లీకు లేదు. కార్బన్ నిండిపోయింది, అంతే. తమ్ముడు రాసిన 98, 91, 77, 60 చూస్తే నాకు అదే యాదికొచ్చింది. మీ పొర రంగుని ఆపుతుందా, తాగుతుందా?

#15 లూజ్_కనెక్షన్
పద్నాలుగో పోస్టులో కేసు క్లోజ్.

#16 డాక్టరమ్మ
అన్న అడిగినదే అసలు ప్రశ్న. మేమైతే దానికి రెండు పేజీలు తీసుకునేవాళ్లం.

నానీ, జీవో మీద కార్బాక్సిల్ గ్రూపులుంటాయి, నీళ్లలో అది నెగెటివ్. మిథిలీన్ బ్లూ పాజిటివ్. పైగా బల్లపరుపు అణువు, రేకుకి అతుక్కుని పడుకుంటుంది. ఇనుప రజను అయస్కాంతాన్ని అంటుకున్నట్టు. మొదటి గంట నువ్వు కొలిచింది రంధ్రం సైజు కాదు, జీవో ఆకలి. కడుపు నిండాక వదిలేస్తోంది.

తేల్చుకోవడానికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు, పాలవాడి ఖాతా లెక్క చాలు. ఫీడ్‌లో ఎంత పోశావు, కింద ఎంత దిగింది, పైన ఎంత మిగిలింది. నీ అంకెలతోనే చెప్తా. 200 ఎంఎల్, 10 పీపీఎం, అంటే 2 మిల్లీగ్రాముల డై. గంటలో 100 ఎంఎల్ దిగింది, 98 శాతం రిజెక్షన్ అంటే అది 0.2 పీపీఎం, అందులో ఉన్నది 0.02 మిల్లీగ్రాములు. నిజంగా పొర ఆపి ఉంటే మిగతా 1.98 పైనున్న 100 ఎంఎల్‌లో ఉండాలి. అంటే పైన 19.8 పీపీఎం, పోసినదానికి రెట్టింపు. కంటికే ముదురు నీలం కనిపించాలి. కనిపించిందా?

#17 నానో_నాని
అక్కా, మీరడిగాక ఆలోచిస్తే, కనిపించలేదు. మూడేళ్లుగా కింద బీకర్ వైపే చూస్తున్నా. టెస్టు అయ్యాక మిగిలిన ఫీడ్‌ని ప్రతిసారీ నేరుగా వేస్ట్ క్యాన్‌లో పోసేశాను.

#18 సబ్‌స్ట్రేట్_సుబ్బు
అందరం అంతే తమ్ముడూ. కింద పడ్డదే రిజల్ట్, పైన మిగిలింది గిన్నెలు కడగడం.

#19 ఎలాగోలా
ఒక మాట అడుగుతా, తిట్టకండి. నీళ్లు తేటపడ్డాయా లేదా? ఆపితే ఏంటి, అంటించుకుంటే ఏంటి? ఫ్యాక్టరీవాడికి కావలసింది రంగు పోవడం. ఇలాంటి పేపర్లు ఎన్ని లేవు? సీనియర్ చెప్పినట్టు రాసెయ్.

#20 డాక్టరమ్మ
పేపర్లు ఉన్నాయని ఒప్పుకుంటా. రివ్యూకి నాకే వస్తుంటాయి. 99 చిల్లర శాతం, మిథిలీన్ బ్లూ, టెస్టు టైము అరగంట, ఫీడ్ 20 ఎంఎల్. మాస్ బ్యాలెన్స్ (ఆ ఖాతా లెక్కే) అడిగితే చాలామంది మాయమైపోతారు.

రంగు పోతే చాలనుకుంటే అడ్సార్బెంట్ (అంటించుకునే పదార్థం) అని రాయాలి. గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములు పట్టింది, ఎలా కడగాలి, ఎన్నిసార్లు వాడొచ్చు అని రాయాలి. ప్రోటీన్లు శుద్ధి చేసేవాళ్లు అంటించుకునే మెంబ్రేన్లు కావాలనే కొంటారు, అది మంచి వ్యాపారమే. తప్పు ఎక్కడంటే, అంటించుకునేదాన్ని చూపించి జల్లెడ అని అమ్మడంలో. ఆర్వో అన్న మెంబ్రేన్ నాలుగు గంటలకి చేతులెత్తేస్తే ఆయన ఊరుకుంటారా?

#21 ఆర్వో_అన్న
సప్లయర్ ఇంటి ముందు కూసుంటా.

#22 ఎలాగోలా
సరే, అడ్సార్బెంట్ పాయింటు ఒప్పుకుంటున్నా. కానీ పీహెచ్‌డీ ఇచ్చేది పేపర్లని లెక్కపెట్టి. అది మీరెవరూ మార్చలేరు.

#23 కాంగో_బాధితుడు
డై కథల్లో నాదీ ఒకటి. మిథిలీన్ బ్లూ అంటుకుంటోందని నెగెటివ్ డై వాడదామని కాంగో రెడ్ తెచ్చాను. 99.6 శాతం, రోజంతా స్థిరంగా. ల్యాబ్‌లో స్వీట్లు పంచాను. తర్వాత తెలిసింది, ఆ డై నీళ్లలో గుంపులు కడుతుంది. పైన పొర వెయ్యని, పెద్ద రంధ్రాల ఉత్త అల్ట్రాఫిల్ట్రేషన్ సపోర్ట్ పెట్టి నడిపితే అదీ 97 ఇచ్చింది! నా పొర చేసిన గొప్ప పని ఆ మిగతా రెండున్నర. స్వీట్ల డబ్బులు ఇంతవరకు వసూలు కాలేదు.

#24 గోదారిగట్టు
నువ్వు పంచింది కాజాలే కదా, మేం దాన్ని పాజిటివ్ రిజల్ట్‌గానే గుర్తుపెట్టుకున్నాం.

#25 నానో_నాని
చేశాను. కొత్తవి మూడు మెంబ్రేన్లు, గంట చొప్పున, మధ్యలో నింపకుండా. పర్మియేట్ మూడింట్లోనూ 0.2 దగ్గరే. పైన మిగిలింది 19.8 ఉండాలి కదా. వచ్చినవి 11.0, 11.6, 10.4.

మొదటిదాని లెక్క: పోసింది 2.00, దిగింది 0.02, మిగిలింది 1.10. కనిపించకుండా పోయింది 0.88 మిల్లీగ్రాములు. పోసినదాంట్లో 44 శాతం! 5 మిల్లీగ్రాముల జీవో మీద అంటే గ్రాముకి 176 మిల్లీగ్రాములు.

#26 లూజ్_కనెక్షన్
ఆకలి కాదక్కా ఇది, పెళ్లి భోజనం.

#27 పాతకాపు
తొందరపడకండి. ఆ 11 ఎలా కొలిచావు? మిథిలీన్ బ్లూ చిక్కబడితే జంటలు కడుతుంది, వెలుతురు పీల్చే గ్రాఫ్‌లో 664 నానోమీటర్ల దగ్గర శిఖరం అణిగిపోయి పక్కన 610 దగ్గర బుడిపె లేస్తుంది. అప్పుడు కాలిబ్రేషన్ గీత వంగిపోతుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. పైగా ఈ డై గాజుకీ, క్యూవెట్‌కీ (రంగు కొలిచే చిన్న గిన్నె), సెల్ గోడలకీ దేనికైనా అంటుకుంటుంది. పోయిన 0.88లో గోడల వాటా ఎంత?

#28 నానో_నాని
అది నిన్న డాక్టరమ్మ అక్క మెసేజ్‌లో కూడా హెచ్చరించారు. పది రెట్లు పలచన చేసి కొలిచాను, గీత తిన్నగా ఉన్న భాగంలోనే. గోడల కోసం మెంబ్రేన్ బదులు టెఫ్లాన్ బిళ్ల పెట్టి అదే ఫీడ్ గంటసేపు తిప్పాను. 10 పోసి 9.7 వచ్చింది. అంటే గోడలు తిన్నది 3 శాతం.

#29 పాతకాపు
అయితే నాకు అభ్యంతరం లేదు. బిళ్ల పెట్టి చూడాలన్న ఆలోచన బాగుంది.

#30 నానో_నాని
ఇంకోటి, రాత్రి చూసింది. వాడేసిన మెంబ్రేన్‌ని బ్లేడుతో అడ్డంగా కోశాను. పైన నల్లటి పొర, అంచున వెలుతురుకి పెడితే రాగి రంగు మెరుపు. కింద పీఈఎస్ తెల్లగా ఉండాలి, కానీ పైభాగంలో లేత నీలం గీత, గోరు అంచంత మందం కూడా లేదు, అయినా ఉంది. ఓ-రింగ్ అదిమిన గుండ్రటి అచ్చు బయట మాత్రం మల్లెపువ్వంత తెలుపు. అంటే గోదారిగట్టు అన్నా, ఓ-రింగ్ కారలేదు. తర్వాత ముక్కని ఇథనాల్‌లో వేసి ఊపాను. పది నిమిషాల్లో సీసా మొత్తం సిరా బుడ్డి అయిపోయింది.

#31 గోదారిగట్టు
ఓ-రింగ్‌కి బహిరంగ క్షమాపణలు.

#32 డాక్టరమ్మ
ఆ రెండు ఫోటోలూ థీసిస్‌లో పెట్టు, కోతదీ సీసాదీ. ఇప్పుడు మిథైల్ ఆరెంజ్‌తో నడుపు. అది నెగెటివ్, పైగా చిన్నది, కాంగో రెడ్ అంతగా గుంపులు కట్టదు. నాలుగు గంటలు, ప్రతి గంటా మూడు చోట్లా లెక్క. ఆ తర్వాత చార్జీ లేని పీఈజీలు (నీళ్లలో కరిగే పాలిమర్లు) వేర్వేరు బరువుల్లో. ఎక్కడ 90 శాతం ఆగుతుందో అదే నీ పొర అసలు జల్లెడ సైజు.

#33 ఆర్వో_అన్న
మధ్యల ఒక డౌటు. మా దిక్కు అసలు బాధ ఫ్లోరైడ్. ఆర్వో అయితే ఫ్లోరైడ్ పోతది గానీ మంచివన్నీ పోతయి, సగం నీళ్లు మోరీ పాలైతయి. నానో ఫిల్టర్ తక్కువ ప్రెషర్‌కే నడుస్తదంటరు కదా, అది ఫ్లోరైడ్‌ని ఆపుతదా?

#34 సబ్‌స్ట్రేట్_సుబ్బు
చాలావరకు ఆపుతుంది అన్నా, కానీ ఆర్వో అంత గట్టిగా కాదు. తమాషా ఏంటంటే ఫ్లోరైడ్ ఉత్తదైతే క్లోరైడ్ కన్నా చిన్నది. కానీ చిన్నది కాబట్టే చుట్టూ నీళ్లని గట్టిగా పట్టుకుంటుంది, ఆ నీళ్ల దుప్పటితో కలిపితే క్లోరైడ్ కన్నా లావు. దుప్పటి వదలకుండా రంధ్రంలో దూరాలంటే కష్టం. అందుకని నానోఫిల్ట్రేషన్ పొరలు మామూలుగా ఉప్పుని ఎక్కువ వదిలి ఫ్లోరైడ్‌ని ఎక్కువ ఆపుతాయి. మీ బోరులో ఎంతుందో దాన్ని బట్టి చూడాలి. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు అన్నది మన ప్రమాణం. 2 ఉంటే నానోతో సరిపోవచ్చు, 6, 7 ఉంటే నేనైతే ఆర్వోనే అంటా. టీడీఎస్ మీటర్‌ని నమ్మకండి, దానికి ఫ్లోరైడ్, ఉప్పు తేడా తెలియదు. నీళ్లు టెస్టుకిచ్చి విడిగా ఫ్లోరైడ్ అంకె తెప్పించండి.

#35 ఆర్వో_అన్న
మా నాయన కాలంల పటిక, సున్నం కలిపి తేర్చేటోళ్లు. నల్గొండ పద్ధతి అని మా జిల్లా పేరే పెట్టిండ్రు దానికి. పేరు వచ్చింది, మోకాళ్ల నొప్పులు పోలే. సరే, టెస్టుకిస్తా.

#36 నానో_నాని
మిథైల్ ఆరెంజ్ వచ్చింది. మొదటి గంట 38, తర్వాత 37, 39, 38. లెక్క 96 శాతం తేలింది, దాదాపు ఏమీ మాయం కాలేదు. అంటే నా పొర నిజంగా ఆపేది 38. మూడేళ్ల పని 98 నుంచి 38కి దిగింది.

#37 వైజాగ్_వాన
కానీ నాలుగు గంటలు కదలని 38. నేనైతే జారిపోయే 98 కన్నా దీన్నే ఇష్టపడతా. ఇక్కణ్నుంచి సందు బిగించడం మొదలుపెట్టు, పాతకాపు గారు #6లో దారి చెప్పేశారు.

#38 ఎలాగోలా
38తో పేపర్ రాదు. చెప్పానని అనుకోకు.

#39 కాంగో_బాధితుడు
వస్తుంది, నాది వచ్చింది. ‘కాంగో రెడ్‌ని ఎందుకు నమ్మకూడదు’ అన్న మీదే. పెద్ద జర్నల్ కాదు గానీ, స్వీట్లు ఈసారి గైడ్ పంచారు.

#40 నానో_నాని
ఇవాళ గైడ్ దగ్గరికి వెళ్లాను. మాటలతో లాభం లేదని రెండు బీకర్లు తీసుకెళ్లా. ఒకదాంట్లో సెల్‌లో మిగిలిన నీళ్లు, ఇంకోదాంట్లో 19.8 పీపీఎం కలిపి తెచ్చినవి. ఒకటి ఆకాశం, ఒకటి సిరా. రెండూ ట్యూబ్‌లైట్ కిందకి ఎత్తి చాలాసేపు చూశారు. మళ్లీ మెంబ్రేన్ చెయ్యమంటారనుకున్నా. బీకర్లు బల్ల మీద పెట్టి, "పోయినేడాది మన పేపర్లో ఏ డై వాడాం?" అన్నారు.

మిథిలీన్ బ్లూ అని చెప్పాను.

#41 లూజ్_కనెక్షన్
అయ్యబాబోయ్. తర్వాత?

#42 నానో_నాని
తలుపు దగ్గరికి వెయ్యమన్నారు. రేపట్నుంచి పాత శాంపిళ్లన్నీ మళ్లీ తీస్తున్నాం, సీనియర్ కూడా కూర్చుంటున్నాడు.

ఇంతకీ క్యూవెట్లు నీలం పట్టేశాయి, ఎంత కడిగినా పోవట్లేదు. ఎవరైనా?

#43 డాక్టరమ్మ
ఇథనాల్‌లో ఒక చుక్క పలచని హెచ్‌సీఎల్. బ్రష్ పెట్టి రుద్దకు, గీతలు పడతాయి.